భీమరాజు గారు కనబడుట లేదు

"ఇందుమూలముగా సభ్యులందరికీ తెలియజేయునది ఏమనగా, భీమరాజు పనిచేయుట లేదు. కావున కాగితములు ఆలస్యమగును."

మురమళ్ళకి కూతవేటు దూరంలో ఉన్న కొబ్బరి రైతుల సహకార సంఘం గోడ మీద ఈ నోటీసు చదివి ఊరు నిర్ఘాంతపోయింది. సంఘం అధ్యక్షులు భీమరాజు గారు పనిచెయ్యరన్నది కొత్త సంగతేం కాదు. వారి నాన్నగారూ ఆ పాపాన పోలేదు. కానీ, పేరు చివర 'గారు' ఏదండీ?

నిజానికి పనిచెయ్యనిది ప్రింటరు. జెరాక్సులు కూడా తీసే ఆ పెద్ద మిషనును భీమరాజు గారే సంఘానికి బహూకరించి, శిలాఫలకం వేయించుకున్నారు. అమలాపురం నుంచి వచ్చిన మెకానిక్కు ఆఫీసులోని అయిదు కంప్యూటర్లనీ దానికి కలుపుతూ, "దీనికో పేరుండాలండి, ఆ పేరెట్టి పిలిస్తేనే పలుకుద్ది" అన్నాడు. దాత పేరే పెట్టారు. ఆనాటి నుంచి ఆఫీసులో "భీమరాజు వేడెక్కేడు", "భీమరాజు కడుపులో కాగితం ఇరుక్కుంది", "నెత్తి మీద ఒక్కటియ్యండి, కదుల్తాడు" అన్న మాటలు వినపడసాగాయి. ఇవన్నీ సత్యాలే గాని మర్యాదలు కావు.

ఈ మిషను బాధ్యత రేచల్‌ది. ఎమ్సీయే చదివి, కాంట్రాక్టు మీద ఆపరేటరుగా చేరింది. ఆ ఆఫీసులో సెక్రటరీ సుందరరావు గారు, గుమస్తా భూలక్ష్మి గారు, టీ తెచ్చే దుర్గాశ్రీనివాస్ గారు ఉన్నారు. కుక్క అడ్డొచ్చినా "కాస్త తప్పుకోండి" అనే సీమ మరి. రేచల్ ఒక్కతే ఉత్త రేచల్. ఆమె ఊరి చివరి పేట నుంచి వస్తుంది. తాత మోషే భీమరాజు గారి తోటలో కాయలు దింపేవాడు. అందుకని 'గారు' ఎందుకు లేదని ఎవరూ అడగలేదు.

నోటీసు చూసి భీమరాజు గారు ఊగిపోతూ వచ్చారు. "పనికిరానోణ్ణంటే పడతానండి. గారు పీకేస్తే మటుకు పడేది లేదు!"

వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. యంత్రమునకు 'గారు' చేర్చుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. రేచల్ ఇరుక్కున్న కాగితం లాగి బాగుచేసిన మిషనుకి సుందరరావు గారు స్వహస్తాలతో పేరు మార్చారు. కంప్యూటర్లు మాత్రం అలవాటు కొద్దీ పాత పేరే పెట్టి పిలిచాయి. మర్యాద మరిగిన మిషను పలకలేదు. మర్నాడు గోడ మీద కొత్త నోటీసు వెలిసింది: "భీమరాజు గారు కనబడుట లేదు." మధ్యాహ్నానికల్లా బంధువులు పరామర్శకి ఆయన ఇంటికి చేరుకున్నారు. కాళ్ళు కడుక్కుంటున్న భీమరాజు గారిని చూసి కొందరు నిరాశపడ్డారు కూడా.

అవతల మహాసభ ఎల్లుండే. పంచాల్సిన కాగితాల్లో ఆఖరి అంశం రేచల్ కాంట్రాక్టు పొడిగింపు. కాగితం లేనిదే సభ లేదు, సభ లేనిదే ఆమె ఉద్యోగం లేదు. "కంప్యూటర్లన్నిట్లోనూ కొత్త పేరెక్కించాలండి" అని రేచల్ చెప్పబోయింది.

"నువ్వుండమ్మాయ్, పెద్దోళ్ళు మాటాడుకుంటున్నారు" అన్నారు సుందరరావు గారు.

పెద్దోళ్ళు మాట్లాడుకుని, ఇది సంబంధం కుదరని కేసేనని తేల్చారు. సంబంధాలు కుదరనివాళ్ళు చేయించేదేగా మురమళ్ళ వీరేశ్వరస్వామి కల్యాణం! భూలక్ష్మి గారు వెళ్ళి, మిషనుకి దాత గారి గోత్రమే చెప్పి చేయించుకొచ్చారు. అయిదు కంప్యూటర్లకీ ఒకే వరుడా అని పూజారి గారు కొంచెం తటపటాయించారట. ప్రసాదం బావుంది. ప్రింటు రాలేదు.

ఇంతలో ఇంటి ముందు ఏడుపులు విన్న భీమరాజు గారు తన పేరే వద్దన్నారు. సుందరరావు గారి పేరు పెడదామంటే ఆయన జడిసిపోయారు. "నా పేరెట్టి నెత్తిన మొట్టికాయలేస్తారా?" అన్నారు భూలక్ష్మి గారు. అప్పుడు అందరి చూపూ ఒక్కవైపే తిరిగింది.

"రేచల్ అనెట్టేయండి. గారుతో గొడవుండదు!"

చప్పట్లు కొట్టారు. రేచల్‌కి మనసు చివుక్కుమంది. ఒళ్ళు మండింది కూడా. "ఆయ్, అలాగేనండి" అని నవ్వి, అయిదు కంప్యూటర్ల ముందూ కూర్చుని తనకి నచ్చినట్టు పేరెక్కించింది. మిషను గలగలా కాగితాలు కక్కింది. అందరూ తెర మీదకి వంగి చూశారు. 'రేచల్ గారు, సిద్ధంగా ఉన్నారు' అని ఉంది.

"మళ్ళీ మార్చమంటారాండీ? మారిస్తే మళ్ళీ కనబడదేమో మరి" అంది రేచల్ వినయంగా.

మహాసభ ముందర అంత సాహసం ఎవరు చేస్తారు? ఆ పూటంతా ఆఫీసు "రేచల్ గారికి ఇంకు సరిపోద్దా", "రేచల్ గారిని తొందరపెట్టకండి" అంటూ మర్యాదతో తడిసిపోయింది.

మహాసభ దివ్యంగా జరిగింది. రేచల్ ఉద్యోగం మరో ఏడాది నిలబడింది. భీమరాజు గారు మైకు పుచ్చుకున్నారు. "మా సంఘంలో చిన్నా పెద్దా తేడాల్లేవండి. ఈ సభ జరిగిందంటే రేచల్ గారి చలవే! రాత్రీ పగలూ కష్టపడ్డ రేచల్ గారికి మనందరి తరఫునా..."

సభ దద్దరిల్లింది. గుమ్మం దగ్గర నిలబడ్డ రేచల్ గబగబా చున్నీ సర్దుకుని, రెండు చేతులూ జోడించి, వేదిక వైపు అడుగేసింది.

"నువ్వెక్కడికే రేచలూ?" అన్నారు భీమరాజు గారు మైకులోనే. "ఈ దండ అట్టుకెళ్ళి రేచల్ గారికేసిరా."