జానెడు పెరిగిన విమానం

మనిషి ధ్వనిని జయించాడు. తలుపును జయించడం మాత్రం ఇంకా మిగిలే ఉంది.

ధ్వనికి రెట్టింపు వేగంతో ఎగిరే ఆ విమానాన్ని తయారు చేయడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. దాన్ని నిలిపే షెడ్డు మాత్రం పదకొండు నెలల్లో లేచింది, సరిగ్గా విమానం పొడవుకి. (అంగుళం చోటు వృథా కానివ్వనందుకు కట్టించిన అధికారికి పతకం ఇచ్చారు.)

షెడ్డు తలుపులు తీసి మూసే పెద్దాయన్ని అందరూ తలుపుల బాబాయ్ అంటారు. విమానం వచ్చే వేళకు తలుపులు తీయాలి, వచ్చిన పది నిమిషాల్లో మూయాలి. ఇది తొమ్మిదో నిబంధన. తప్పితే మెమో. మూడు మెమోలైతే ఇంటికే.

మొదటిరోజే బాబాయ్ విమానం తయారుచేసినవాళ్లలో ఒకరైన ఇంజనీరమ్మను అడిగాడు. "అది వస్తున్నట్టు చప్పుడు వినబడుతుందా అమ్మాయ్?"

"వేగం మీదుంటే వినబడదు బాబాయ్. ముందు అది వచ్చేస్తుంది. చప్పుడు ఆ తర్వాత."

నెల తిరిగేసరికి బాబాయ్‌కి రెండు మెమోలొచ్చాయి. పదవీ విరమణకి ఇంకా ఎనిమిది నెలలున్నాయి. రెండు మెమోలకీ కారణం ఒక్కటే: తిరిగొచ్చిన విమానం తోక జానెడు బయటే ఉండిపోతోంది.

"పొద్దున పట్టింది సార్. వచ్చేసరికి పెరిగింది."

"పెరగడానికి అదేమన్నా నీ మనవడా?" అన్నాడు తలుపుల విభాగం అధికారి.

"నిజమే సార్," అంది ఇంజనీరమ్మ. "ఆ వేగానికి గాలి ఒరుసుకుని ఒళ్లంతా కాలుతుంది. వేడికి లోహం సాగుతుంది. అందుకే అతుకులు కూడా వదులుగా పెట్టాం. మూడు గంటల్లో చల్లారి మామూలవుతుంది."

"నిబంధనలో పది నిమిషాలే ఉందమ్మా. తొందరగా చల్లారమను."

కొలవడానికి అయిదుగురు సభ్యుల సంఘం వేశారు. వాళ్లు ఆఫీసు వేళల్లోనే కొలుస్తారు కాబట్టి, రాత్రంతా చల్లారిన విమానాన్ని మర్నాడు పదింటికి కొలిచారు. 'విమానం పెరగలేదు. తలుపులవాడి చూపు తరిగింది' అని రాశారు.

బాబాయ్ ఊరుకోలేదు. మరుసటిసారి విమానం దిగగానే తోక ఎక్కడిదాకా వచ్చిందో నేలమీద సుద్దగీత గీసి, సంఘాన్ని పిలుచుకొచ్చి చూపించాడు. సంఘం గీతను గంభీరంగా చూసి తప్పు ఒప్పుకుంది, విమానం తప్పు. ఆమోదించిన నమూనాకి మించి జానెడు అనుమతి లేని నిర్మాణమంటూ తోకకి నోటీసు అంటించారు. (మర్నాటి ప్రయాణంలో నోటీసు కాలిపోయింది. నోటీసు నాశనం చేసినందుకు విమానానికి ఇంకో నోటీసు ఇచ్చారు.)

"షెడ్డు జానెడు పెంచితే పోలా సార్?" అంది ఇంజనీరమ్మ.

"షెడ్డుకి పతకం వచ్చిందమ్మా. విమానానికి వచ్చిందా?"

చివరికి ఉత్తర్వు వెలువడింది: ఇకపై విమానం తాను పెరగనంత వేగంతో మాత్రమే ఎగరవలెను. అంటే ధ్వనికి బాగా వెనకాల, మామూలు విమానాల మధ్యన. (ఒళ్లు వేడెక్కక అతుకులు బిగుసుకోలేదు, ఇంధనం కారసాగింది. నేలమీద బకెట్లు పెట్టారు. బకెట్లకు పెరిగే అలవాటు లేదు కాబట్టి అనుమతి వెంటనే వచ్చింది.)

ఆ సాయంత్రం తోక లోపల పట్టింది. నాలుగు నిమిషాల్లో తలుపులు మూసుకున్నాయి. "ఎనిమిది నెలలూ గట్టెక్కినట్టేనే," అన్నాడు బాబాయ్ ఇంట్లో భార్యతో.

"ముందు చొక్కాకున్న ఆ సుద్ద దులుపుకో," అందావిడ.

మూడో మెమో మర్నాడొచ్చింది. వేళల పట్టికను ఎవరూ మార్చలేదు. పట్టిక ప్రకారం విమానం సాయంత్రం అయిదింటికి రావాలి, బాబాయ్ ముందురోజు అయిదింటికే తలుపులు తీశాడు. విమానం ఏడున్నరకొచ్చింది. తలుపులు నూట యాభై నిమిషాలు తెరిచి ఉంచినందుకు ఉద్యోగం పోయింది.

"నన్నొక్క మాటైనా అడగలేదేంటమ్మాయ్?" అన్నాడు బాబాయ్.

నాలుగు రోజుల తర్వాత ఇంటికి ఇంకో కాగితం వచ్చింది: మెమోపై మీ వాదన వినదలచితిమి, హాజరు కాగలరు.

సంస్థ ఎట్టకేలకు ధ్వని వేగాన్ని దాటింది. దెబ్బ ముందు తగిలింది. వినడం ఆ తర్వాత.