కేకు మీద అక్షింతలు

ఆ శనివారం ఉదయం అపూర్వ వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. తొమ్మిదింటికి లీసెస్టర్‌లో బయలుదేరాలి, పదకొండుకల్లా వాట్‌ఫర్డ్‌లోని చర్చి హాల్లో కేకు దించాలి. సారా, ఆండ్రూల నిశ్చితార్థానికి రెండంతస్తుల తెల్ల క్రీము కేకు. అపూర్వ ఇంట్లో మొదలుపెట్టిన కేకుల వ్యాపారానికి ఇదే మొదటి ఆర్డరు. సారా వాళ్ళమ్మ విమల ఆంటీ మెచ్చుకుంటే, ఆ చర్చి కుటుంబాల్లో పుట్టబోయే పిల్లలందరి పుట్టినరోజు కేకులూ తనవే. మెచ్చకపోతే ఆ సంగతి ప్రార్థన ముగిసేలోగా హాలంతా తెలిసిపోతుంది.

పెళ్ళయి మూడు నెలలు, సెకండ్ హ్యాండ్ పికప్ ట్రక్కు కొని పది రోజులు. ఆ ట్రక్కులో అపూర్వకు అన్నీ ముద్దొచ్చేవి: కాఫీ కప్పు పెట్టుకునే గుంట, టిక్కుటిక్కుమనే ఇండికేటరు, ఆ మాటకొస్తే నడిపే సాకేత్ కూడా. కేకు పెట్టె ఒళ్ళో పెట్టుకుని సీట్లో కూర్చుంది. పైన చక్కెర పూలున్నాయి కాబట్టి పెట్టె మూత పడలేదు. జూలై ఎండ మండిపోతోంది. సాకేత్ ఏసీ వేశాడు.

"సాకేత్, నీ వైపు ఊటీ, నా వైపు విజయవాడ!"

నిజమే. ఆమె ముందున్న గాలి కంతలోంచి ఇడ్లీ కుక్కరు మూత తీసినట్టు వేడి కొడుతోంది.

"రెండు నిమిషాలు. కేకు కదపకు," అంటూ సాకేత్ ఫోనులో వీడియో పెట్టుకున్నాడు. ఇరవై నిమిషాలు గడిచేసరికి అపూర్వ ముందున్న సొరుగు ఊడి బయటికొచ్చింది, సాకేత్ తల లోపలికెళ్ళింది. "గాలిని మళ్ళించే రేకు ఇరుక్కుంది. లోపల ఏదో పడినట్టుంది," అన్నాడు లోపల్నుంచి.

అదేంటో అపూర్వకు తెలుసు. బండికి పూజ చేసిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, డ్యాష్‌బోర్డు మీద అక్షింతలు ధారాళంగా చల్లింది. సగం ముందు అద్దం కింది సందులోకి జారిపోయాయి. సాకేత్ అడిగితే అన్నీ ఊడ్చేశానని చెప్పింది.

ఇంతలో పక్కింటి సూర్యప్రకాశరావు అంకుల్ టీ కప్పుతో వచ్చారు.

"ఏమయ్యా, దాని కడుపు కోసేశావేం?"

"ఏసీ అంకుల్. తన వైపు వేడిగాలి వస్తోంది."

"ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్ళు చేశానయ్యా. ఇలాంటివి ఎన్ని చూశాను!" అన్నారాయన. డిపోలో ఆయన చూసింది డ్రైవర్ల సెలవు చీటీలు. "గాలి మొత్తం ముందద్దం మీదికి తిప్పి ఫుల్లు పెట్టు. అడ్డున్నదేదో అదే ఎగిరొస్తుంది."

"వద్దంకుల్!" అపూర్వ అరిచింది.

"ఎందుకమ్మా?"

ఆమె ఓ కారణం వెతుక్కునేలోగా సాకేత్ మీట తిప్పాడు.

పది రోజులుగా లోపల కాచుకుని ఉన్న అక్షింతలు ఒక్క ఊపున లేచి, అద్దానికి తగిలి, వెనక్కి తిరిగి, తెల్లటి కేకు మీద కురిశాయి. ఒక గింజ సాకేత్ కనుబొమ్మకు అతుక్కుంది.

"ఊడ్చేశానన్నావ్?"

"పైన ఊడ్చాను."

"శుభకార్యమేగా, మంచిదే," అన్నారు అంకుల్, టీ గుక్క వేస్తూ.

అపూర్వ కనుబొమ్మలు తీసుకునే పట్టకారుతో ఒక్కొక్క గింజే ఏరింది. గింజలైతే వచ్చాయి గానీ పసుపు వదల్లేదు. కేకంతా చుక్కలు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతా చేసి వేడిగాలి వేడిగానే ఉంది.

అంకుల్ కిటికీలోంచి తొంగిచూశారు. "అవునూ, ఈ ఎడమ మీట నేను తిప్పినట్టే వదిలేశారేం?"

"మీరు తిప్పారా?" సాకేత్ గొంతు కీచుమంది.

"నిన్న సాయంత్రం నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళావుగా. మోకాళ్ళు పట్టేస్తుంటే నా వైపు వేడి పెంచుకున్నా. ఇద్దరికీ విడివిడి మీటలు, భలే పెట్టాడులే." ఆయన చెయ్యి చాపి మీట వెనక్కి తిప్పారు. అపూర్వ ముఖానికి చల్లగాలి తగిలింది.

సాకేత్ చేతిలో సొరుగుంది. పెద్దాయన కాబట్టి దాన్ని మెల్లిగా కింద పెట్టాడు.

వాట్‌ఫర్డ్ చేరేసరికి పన్నెండయింది. విమల ఆంటీ కేకును చాలాసేపు చూసింది. "ఏంటమ్మా ఈ పసుపు చుక్కలు?"

నిజం చెప్పేద్దామని అపూర్వ నోరు తెరిచేలోగా సారా పరుగెత్తుకొచ్చింది. "ఓ మై గాడ్ మమ్మీ, ఇట్స్ గార్జియస్! పుప్పొడి రాలినట్టు లేదూ?"

ఆంటీ ముఖం విప్పారింది. "ఇన్ని చుక్కలు చేత్తోనే వేశావా తల్లీ?"

"గాలితో ఆంటీ," అన్నాడు సాకేత్.

"అదేదో కొత్త పద్ధతన్నమాట! వచ్చే నెల మా మణెమ్మ అత్తయ్య పుట్టినరోజు. అచ్చం ఇలాగే కావాలి, ఒక్క చుక్క తేడా రాకూడదు."

ఆ సాయంత్రం ఇంటి ముందు సొరుగు బిగిస్తున్న సాకేత్ చివరి స్క్రూ దగ్గర ఆగి, "ఆ రోజు చల్లింది ఒక గుప్పెడా, రెండా?" అని అడిగాడు.