ఓబెంగ్ గారి నడుము కొలత

ఆ శనివారం పొద్దున ఓబెంగ్ మాస్టారికి పనులు రెండే. ఆస్పత్రిలో ఏటా ఇచ్చే పరీక్ష కాగితం తీసుకుని పాస్టరు గారికి ఇవ్వడం ఒకటి. సాయంత్రం మేనల్లుడికి పిల్లనడగడానికి అమ్మాయి ఇంటి తలుపు తట్టాలి కాబట్టి, ఆనవాయితీ ప్రకారం రెండు ష్నాప్స్ సారా సీసాలు కొనడం రెండోది. మర్నాడు కోఫొరిడువా చర్చిలో ఆయన సంఘ పెద్దగా ప్రమాణం చేయాలి. తాగనివాడినని ఆస్పత్రి ముద్రతో రుజువు తెస్తేనే పెద్దరికమని పాస్టరు గారి నియమం. కల్లు గీసే టవియా పోయినేడు ఆ పదవికి నిలబడి, ప్రార్థన మధ్యలో తేన్చినప్పుడు పుట్టిన నియమం అది.

ఓబెంగ్‌కి ఆ బెంగ లేదు. నాలుగేళ్లుగా ఆయన కాలేయంలో కొవ్వుంది. "మద్యం తాగనివారికి వచ్చే కొవ్వు కాలేయ జబ్బు" అని ఏటా ఆస్పత్రివాళ్లే రాసిచ్చేవారు. ఆయన ఆ కాగితానికి అద్దం కట్టించి ముందుగదిలో వేలాడదీశాడు. జనం నవ్వితే నవ్వారు. తాగి వీధిలో పడిపోయిన తండ్రిని పన్నెండేళ్ల వయసులో ఇంటికి మోసుకొచ్చినవాడాయన. ఆ ఒక్క వాక్యం చదువుకున్నప్పుడల్లా ఆయన గుండె తేలికపడేది.

ఈసారి కాగితంలో ఆ వాక్యం లేదు. "జీవక్రియ లోపంతో కూడిన కొవ్వు కాలేయం" అని ఉంది.

"తాగనివారికి అన్న ముక్క ఏమైందమ్మా?" అని నర్సు డెడేని అడిగాడు.

"తీసేశారండి. పెద్ద డాక్టర్లంతా కూర్చుని జబ్బుకి గుర్తులు మార్చారు. ఇప్పుడు కొవ్వుకి తోడు నడుమో, బీపీయో, చక్కెరో ఎక్కువుంటే చాలు. తాగుతారా లేదా అన్నదాంతో పని లేదు."

"నాకుంది కదా పని. నీ చేత్తో ఓ ముక్క రాసెయ్యి."

"మీరు తాగరని నాకెలా తెలుస్తుంది మాస్టారూ?"

"నాలుగేళ్లు తెలిసింది కదే!"

వెనక బెంచీ మీద, బీపీ చూపించుకోవడానికి వచ్చిన మామీ ఏసి కూర్చుని ఉంది. చర్చి మహిళా సంఘానికి ఆవిడే అధ్యక్షురాలు. తాగడని రాయమంటూ ఓబెంగ్ నర్సుని బతిమాలడం చెవులారా విన్నది. బయటికొచ్చి ఆయన కారులోకి తొంగిచూస్తే వెనక సీటు మీద రెండు సీసాలు. ఆవిడ బీపీ ఇంకెవరూ చూడక్కర్లేకుండా పెరిగింది.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు లోకులు. ఓబెంగ్ ఇల్లు చేరేసరికి పాస్టరు గారూ, ఇద్దరు పెద్దలూ, మామీ ఏసీ ముందుగదిలో కూర్చుని ఉన్నారు. వాళ్లని చూసిన కంగారులో ఆయన చేతుల్లో సీసాలతోనే గడప తన్నుకున్నాడు. ఒక సీసా పగిలి చొక్కా అంతా తడిసింది.

"వాసన కూడా తెచ్చుకున్నాడు" అంది మామీ ఏసి.

"పిల్లనడగడానికి తెచ్చినవి, ఒసోఫో గారూ" అన్నాడు ఓబెంగ్ పాస్టరు గారితో. "నా తండ్రి సంగతి మీకు తెలుసు. నేనెలా తాగుతాను?"

ఆయన భార్య సెర్వా ఫోను తీసి డెడేని పిలిచింది. డెడే టేపూ ఆస్పత్రి ముద్రా పట్టుకుని వచ్చి, మారిన గుర్తులన్నీ ఓపిగ్గా చెప్పింది. పాస్టరు గారికి అర్థమైంది. కానీ ఓబెంగ్‌ని తప్పించామని మామీ ఏసి అప్పటికే సగం ఊరికి చెప్పేసింది. ఇప్పుడు మాట వెనక్కి తీసుకుంటే పరువేం కావాలి?

"డాక్టర్లే గుర్తులు మార్చుకున్నాక సంఘం మార్చుకోదా?" అన్నారు పాస్టరు గారు. "ఇకమీదట తాగుడు కాదు, నడుమే గుర్తు. నడుము పెరిగినవాడికి నిగ్రహం లేనట్టే. హద్దెంతమ్మా?"

"మగవాళ్లకి ముప్పై ఏడంగుళాలండి. కానీ స్కాను కూడా..."

ఆ కానీ ఎవరికీ వినపడలేదు. ఓబెంగ్ నడుము నలభై రెండు.

"అయితే అందరివీ కొలువు తల్లీ" అంది సెర్వా. "ముందు ఒసోఫో గారిది."

పాస్టరు గారిది నలభై నాలుగు, ఊపిరి బిగబట్టినా. పెద్దలిద్దరివీ నలభై ఒకటి, ముప్పై తొమ్మిది. ఆడవాళ్లకి హద్దు ఇంకా తక్కువని డెడే అనగానే మామీ ఏసికి పొయ్యి మీద పెట్టిన పామాయిల్ సూపు గుర్తొచ్చింది.

గొడవ విని, కల్లు బుర్ర భుజాన వేసుకునే గుమ్మంలో నిలబడ్డాడు టవియా. "నాది కూడా కొలవండి, ఓ పనైపోతుంది" అన్నాడు. రోజూ పదిహేను చెట్లెక్కి దిగే మనిషి. డెడే రెండుసార్లు కొలిచి, చీటీ మీద అంకె వేసి ముద్ర కొట్టింది. పాస్టరు గారు ఆ ముద్రకేసి చాలాసేపు చూశారు. నియమం తన నోటితో పెట్టి ఇంకా పావుగంట కాలేదు.

సాయంత్రం ఓబెంగ్ మిగిలిన ఒక్క సీసాతోనే అమ్మాయి ఇంటి తలుపు తట్టాడు. పిల్లనిచ్చారు గానీ, రెండో సీసా మేనమామ దారిలోనే తాగేశాడని తీర్మానించుకున్నారు.

ఆదివారం సంఘ పెద్దగా ప్రమాణం చేస్తూ టవియా మూడుసార్లు తేన్చాడు, కానీ నడుము మాత్రం ఇరవై తొమ్మిదంగుళాలే.