అల్ మవాలే మంచుశాలలో చుక్క సంహారం

గీకవలసిన మంచు గీకవలెను. పోయవలసిన వేడినీళ్లు పోయవలెను. గోలు వలలు కట్టవలెను, అద్దాలు తుడవవలెను, తుప్పు రాలిన గ్యాలరీ మెట్లు ఊడ్వవలెను. తుదకు, సాయంత్రము నాలుగు గంటలలోపల, ఒక నీటిచుక్కను సంహరింపవలెను.

వినుడు! మార్తాండుడు నలభై ఆరు డిగ్రీల ప్రచండకిరణములతో మస్కట్ మహానగరమును పెనముపై రొట్టెవలె కాల్చుచున్న జూన్ మాసమున, అల్ మవాలే అంగళ్ల నడుమ, ముప్పదియైదేండ్లనాడు చమురు కంపెనీ దొరల మంచు హాకీ ముచ్చట తీర్చుటకై వెలసి, ఆ దొరలు స్వదేశములకేగిన పిమ్మట బడిపిల్లల కేరింతలతో బ్రతికి, ఇప్పుడు గోదామగునో, కూలునో, నిలుచునో తెలియక పైరేకులు కిర్రుమనిపించుచు నిట్టూర్చు వృద్ధ హిమమందిరమున, ఉన్నికుళ్లాయి కిరీటముగా, మఫ్లరు హారముగా, రెండు జతల మేజోళ్లు కవచముగా ధరించి నిలిచినవాడెవడు? జగిత్యాల సీమా సంభూతుడు, స్వవంశమున తొలి పట్టభద్రుడు, బి.కాం. ద్వితీయశ్రేణీ విభూషితుడు, గుర్తింపు కార్డున మాత్రము 'హెల్పర్' నామధేయుడు, నర్సింగు!

ఆనాడు నాలుగింటికి అర్బాబు, అనగా యజమాని, స్వయముగా వచ్చును. ఐదింటికి పిల్లల హాకీ పోటీ. మంచు ఆటకు పనికివచ్చెనా, ఈ సీజను నడుచును. రాదా, యంత్రములాపించి 'ఖలాస్' అనును. అది నర్సింగు పదకొండేండ్ల డ్యూటీకిని ఖలాసే. ఎడారిలో మంచు చేసిన అనుభవమునకు జగిత్యాలలో ఎవడు ఉద్యోగమిచ్చునో ఎంత ఆలోచించినను అతనికి తోచలేదు.

గోలు ముందర, పాత ఏసీ గొట్టము కీలునుండి నిమిషమునకు పన్నెండు మార్లు రాలుచున్న చుక్క, మంచుపై గడ్డకట్టి, సకినమంత బొడిపెయై కూర్చున్నది. హాకీ బిళ్ల దానిని తాకెనా, ఎగిరి పిల్లల పండ్లు రాల్చును.

నర్సింగు గీకెను. మరల మొలిచెను. మరల గీకెను. అంతట చదువుకొన్నవాని బుద్ధి మేల్కొని, చుక్క క్రింద బకెట్టు పెట్టించెను. అర్ధగంటసేపు జయించితినని మురిసెను. తీయబోగా బకెట్టు కదలలేదు. దాని తడి అడుగు మంచుతో ఏకమైపోయినది. వీరుడు కొండగట్టు అంజన్నను తలచి, రెండు చేతుల పట్టి, పండ్లు బిగించి లాగగా బకెట్టు వచ్చెను, దానితో పళ్లెమంత మంచుపెళ్లయు వచ్చెను, వీరుడు వెల్లకిల పడెను. బొడిపె పోయి గొయ్యి ఏర్పడెను. ఇది బి.కాం.లో చెప్పని పాఠము.

పడినచోటనే ఉండి, చూపుడువ్రేలెత్తి, అతడు పలికిన వీరవాక్యములివి:

"ఓ బిందువా! నీ అసొంటి చుక్క కోసం మా అవ్వ బోరింగుకాడ బిందె వెట్టి పొద్దంతా కూసునేది. నీళ్లు లేకనే నేనీడికి వచ్చిన. గిప్పుడు నువ్వే నా బువ్వ గుంజుకుంటవా?"

చుక్క బదులుగా అతని ముక్కుపై పడెను.

ఆడపిల్లలు బట్టలు మార్చుకొను గదిని తుడుచు జైనబీ, కడప జిల్లానుండి వచ్చిన ఇల్లాలు, గట్టున నిలిచి సర్వము వినెను.

"నీళ్లకు ఉపన్యాసం చెప్తే ఇంటాయా నాయనా? చుక్కను ఆపలేం, దానికి దోవ చూపిచ్చల్ల. మా రేకులింట్లో వానకు గుడ్డపేలిక కట్టి గోడకు దించేవాళ్లం. మీ డిగ్రీలో చెప్పలేదా?"

"చెప్పలే అక్కా."

పేలిక ఎక్కడిది? చలికి తన మెడచుట్టూ చుట్టుకొన్న పాత చీరముక్కను ఆమె విప్పి ఇచ్చెను. మంచుపై కాళ్లు తుడుచుకొను పట్టాలు పరచి, వానిపై నిచ్చెన నిలిపి, దానిని ఆమె కౌగిలించుకొనగా, చదునునేలపైననే జారిపడిన ఆ మహావీరుడు పైకెక్కెను. పేలిక ఒక కొన గొట్టపు కీలుకు, రెండవ కొన గోడమేకుకు వాలుగా కట్టెను. చుక్క క్షణమాగి, ఆలోచించి, బుద్ధిమంతురాలివలె పేలిక వెంబడి నడిచి గోడక్రింది బకెట్టున దిగెను.

ఇక గొయ్యి. దానిలో గీకిన మంచుపొడి కూరి, అతడు వేడినీళ్లు పోసెను. వేడినీళ్లకు మంచు కరుగునని కొత్తవారు నవ్వుదురు. అవియే సందులలోనికి దిగి నునుపుగా గట్టిపడును. నర్సింగుకు నిశ్చయముగా తెలిసిన విద్య ఇదొక్కటే. నారుమడి చదును చేసినట్లు, పొరపై పొర పోసి, పలకతో లాగి, నాలుగింటికి పది నిమిషములుండగా నడుము ఎత్తెను.

అర్బాబు వచ్చెను. వంగి అరచేత మంచును తడిమెను. బిళ్లను కాలితో నెట్టెను. అది గొయ్యి ఉండిన తావున ఎగురక, తొణకక సాగిపోయి వలలో పడెను. ఆయన గొట్టమువంక చూచి, అదేమని అడిగి, సమాధానము వినకుండగనే నవ్వి, ఈ సీజనుకు మాఫీ ముష్కిల్, ఇబ్బంది లేదు పొమ్మనెను. ఆ తరువాతి సంగతి ఆయన చెప్పలేదు, వీరుడు అడుగలేదు.

జయము! దిగ్విజయము! పళ్లెమంత మంచు మనదాయెను! పరాజితుడు, ఒక చుక్క!

పోటీ ముగిసిన పిదప తీసిన ఫొటోలో అర్బాబు ఉన్నాడు, పిల్లలున్నారు, అంచున కుళ్లాయితో సగము నర్సింగు కూడ ఉన్నాడు. జైనబీ లేదు. ఆ వేళకు ఆమె ఒట్టి మెడతో, చేతులు చంకలలో దాచుకొని, మధ్య మధ్య తీసి ఆడపిల్లల గది తుడుచుచుండెను. కనుక చదివిన పుణ్యాత్ములారా, వీరుని సంగతి అటుంచండి. జైనబీని ఒక్కసారి తలుచుకోండి.