ఈగల్లో ఏ మార్పూ లేదని ధ్రువపత్రం

జీవపరిణామాన్ని మొదలుపెట్టింది ప్రకృతే కావచ్చు, కానీ దాన్ని క్రమశిక్షణలో పెట్టిన ఘనత మాత్రం పరిశోధక ప్రవేశాల విభాగానిదే. (ఆ విభాగం మూడో అంతస్తులో, లిఫ్టు పనిచేయని వైపు ఉంటుంది.)

ఆ విభాగం చుట్టూ, అక్కడివాళ్లంతా ఈగలమ్మాయి అని పిలిచే ఒకావిడ మూడేళ్లుగా చెప్పులరిగేలా తిరుగుతోంది. ఆమెకు కావలసింది ఒక్క పీహెచ్‌డీ సీటు. తిండి తక్కువైతే పండ్ల ఈగలు తరతరానికీ ఎలా మారతాయో చూసి, ఆ లెక్కంతా కంప్యూటర్‌తో తేల్చాలని ఆమె ఆశ. జీవశాస్త్రం వాళ్లు ఇది కంప్యూటర్ల పనన్నారు, కంప్యూటర్ల వాళ్లు ఇది ఈగల పనన్నారు. తమకు అభ్యంతరం లేదని ఇద్దరి చేతా రాయించుకోవడానికే ఏడాదిన్నర పట్టింది. వంటింటి అలమరలో సీసాల్లో ఉన్న ఈగలు మాత్రం ఎవరి అనుమతీ అడగకుండా డెబ్బై తరాలు దాటేశాయి.

"వాటికి మునిమనవళ్లు కూడా పుట్టేశారు, నీకింకా సీటే రాలేదు," అంటుంది వాళ్లమ్మ, సీసాలు తుడుస్తూనే.

ఇదే ఆఖరి అవకాశం. వచ్చే నెలలో ఆమెకు ముప్పై అయిదు నిండుతాయి. ఆ వయసు దాటితే బుర్రకు కొత్త విషయాలు ఎక్కవని నిబంధన.

మిగిలింది పద్నాలుగో నంబరు ఫారం ఒక్కటే. 'దరఖాస్తు నాటి ప్రాణులే నేటికీ ఉన్నవనియు, వాటిలో ఏ మార్పూ లేదనియు ధ్రువీకరిస్తున్నాను.' ఈగలమ్మాయికి నిజం చెప్పే జబ్బుంది. 'ఆ ఈగలు ఎప్పుడో చనిపోయాయి. వాటి సంతతి ఆకలిని రెండింతల సేపు తట్టుకుంటోంది' అని రాసింది.

హెడ్ గుమాస్తా కళ్లజోడు పైకి నెట్టాడు.

"మారాయని రాశావేంటమ్మా?"

"మారాయండి. నా పరిశోధనే అది కదండీ."

"పరిశోధన సీటొచ్చాక. ముందే మారిపోతే పర్మిషన్ ఎవరిచ్చారని అడగరూ? మా చెల్లెలి కూతురు లాంటిదానివని చెప్తున్నా. మార్పు లేదని రాసి సంతకం పెట్టెయ్. ఈగలొచ్చి అడుగుతాయా ఏంటి?"

ఆమెకు ఏడుపొచ్చింది. మూడేళ్లు కళ్లల్లో ఒత్తులేసుకుని చూసినదాన్ని ఒక్క గీతతో కొట్టేయాలి. అయినా ముప్పై అయిదో ఏడు గుమ్మంలో నిలబడి ఉంది. కొట్టేసింది. 'ఏ మార్పూ లేదు' అని రాసి సంతకం పెట్టింది. ఆయన అప్పటికప్పుడు ముద్ర వేశాడు (విభాగం చరిత్రలో ఇంత వేగం ఇదే మొదలు).

పదో రోజున ఉత్తరం వచ్చింది. అమ్మ కళ్లజోడు వెతుక్కుని పైకి చదివింది.

'మీరు కోరిన అంశం: ఈగల్లో తరతరాల మార్పు. మూడేళ్లలో ఏ మార్పూ రాలేదని మీరే ధ్రువీకరించినందున, ఇందులో పరిశోధించవలసినది ఏమీ లేదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. మరో అంశంతో మళ్లీ దరఖాస్తు చేసుకోవలసిందిగా సాదరంగా ఆహ్వానిస్తున్నాము.'

"మళ్లీ రమ్మన్నారుగా, మంచివాళ్లే," అంది అమ్మ, ఆశగా.

ఈగలమ్మాయి ఉత్తరం అందుకుని అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం చూపించింది.

'వయోపరిమితిలో ఏ మార్పూ లేదు.'