ఇసుకలో పరీక్ష హాలు

ఆ ఉదయం లాడ్జి గదిలో మాస్టారి భార్య పెట్టిన షరతు ఒక్కటే. "ఏవండీ, ఈ ఒక్కరోజు టైము మాటెత్తకండి. మనం వచ్చింది సముద్రం చూడ్డానికి. అది ఎన్నింటికి మొదలైందో, ఎన్నింటికి అయిపోతుందో మనకనవసరం."

మాస్టారు సరేనన్నారు. ముప్పై ఒక్కేళ్లు లెక్కలు చెప్పి, అందులో పాతికేళ్లు పరీక్షల చీఫ్ సూపరింటెండెంటుగా వెలిగి, కిందటేడే రిటైరైన మనిషి. గంట కొట్టాక ఆయన ఎవరికీ అరనిమిషం ఇచ్చిన పాపాన పోలేదు. కన్నకొడుకు పదో తరగతి లెక్కల పరీక్షలో చివరి సమాధానం కింద గీత గీస్తుంటే కాగితం లాక్కున్న చేతులవి. ఆ కొడుకు ఇప్పటికీ అన్నం గబగబా తింటాడు.

ఈ ప్రయాణం అతని భార్య కోసం. కోడలు బొమ్మలు వేస్తుంది, కానీ ఇంట్లో ఆమెకంటూ చోటు లేదు. అందరి భోజనాలూ అయ్యాక టేబులు తుడిచి మొదలుపెడుతుంది, మళ్లీ భోజనాల వేళకు బొమ్మను ఫ్రిజ్జుకీ గోడకీ మధ్య దోపేస్తుంది. ఆమె వేసిన ప్రతి బొమ్మకీ ఏదో ఒక మూల కూర మరక ఉంటుంది. ఇక ఈ సముద్రతీర నగరమేమో గోడ కనబడితే రంగులేసి, రాయి కనబడితే చెక్కేసే రకం. ఏటా బీచిలో చిత్రలేఖనం పోటీ పెడతారు. గెలిచినవాళ్లకు సముద్రం వైపు కిటికీ ఉన్న గది ఒకటి ఏడాదిపాటు ఇస్తారు. "దానికి తలుపుంటుందట అత్తయ్యా, గడియ కూడా ఉంటుందట" అని కోడలు రైల్లో నాలుగుసార్లు చెప్పింది.

ఎనిమిదింటికి పోటీ మొదలైంది. అరవై నాలుగు మంది, ఎనిమిది వరసలు. నిర్వాహకుడు ఒక గడ్డం శిల్పి. "సూర్యాస్తమయం దాకా మీ ఇష్టం" అని చెప్పి, జడ్జీలను తీసుకురావడానికి స్టేషనుకు వెళ్లిపోయాడు. ఆ మాట అన్నప్పుడు మాస్టారు టీకొట్టు దగ్గరున్నారు. విన్నా ఒకటే, వినకపోయినా ఒకటే. పరీక్ష అంటే మూడు గంటలని ఆయన రక్తంలోనే ఉంది.

మాస్టారి భార్య చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్లలోకి దిగింది. కోడలు తెల్ల కాన్వాసును స్టాండు మీదే వదిలి, "ఏం వేయాలో చూసుకొస్తా మావయ్యా" అని ఒడ్డు వెంట నడిచిపోయింది. మాస్టారు కుర్చీలో పావుగంట బుద్ధిగా కూర్చున్నారు. ఎదురుగా వరసలు. వరసల్లో తలలు వంచుకున్న జనం. ఎంత నిగ్రహం ఉన్నవాడికైనా ఇది అన్యాయమే. లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, మొదటి వరస పక్కగా ఊరికే అలా నడిచారు.

మూడో స్టాండు దగ్గర ఒకమ్మాయి ఆయన్ని చూసి లేచింది. "సార్, నీళ్లు తెచ్చుకోవచ్చా?"

"ఒక్కరే వెళ్లాలి. వెంటనే రావాలి."

అక్కడే అడుసులో కాలు పడింది. అది చూసి పక్కవాడు చెయ్యెత్తి, ఎర్రరంగు అరువు తీసుకోవచ్చా అనడిగాడు. "ఎవరి సామాను వాళ్లే తెచ్చుకోవాలి" అన్నారు మాస్టారు. అక్కచెల్లెళ్లిద్దరు ఒకరి బొమ్మలోకి ఒకరు తొంగిచూస్తుంటే చెల్లెల్ని ఎనిమిదో వరసకు పంపించారు. ఆ పిల్ల మారుమాట్లాడకుండా వెళ్లింది. ఇంత దర్జాగా తిరుగుతున్నాడంటే నిర్వాహకుల మనిషే అయ్యుంటాడని జనం అనుకున్నారు. ఇంతమంది తన మాట వింటున్నారంటే ఎవరో తనను నియమించే ఉంటారని మాస్టారూ అనుకున్నారు.

పదీ యాభైకి ఆయన గొంతు సవరించుకుని, "ఇంకా పది నిమిషాలే!" అని కేకేశారు.

ఎనిమిదో వరసలో మడత స్టూలు మీద కూర్చున్న టోపీ పెద్దాయన తలెత్తాడు. "సాయంత్రం దాకా అన్నారు కదండీ?"

"ముందు నిలబడి మాట్లాడు."

టోపీ పెద్దాయన నిలబడ్డాడు. అరవై దాటిన మనిషి. నిలబడ్డాక ఏం అడగాలనుకున్నాడో మరిచిపోయి, చేతులు కట్టుకున్నాడు. మిగతా పని పుకార్లు చూసుకున్నాయి. జడ్జీలకు మధ్యాహ్నమే తిరుగు రైలట అని మొదటి వరసలో ఎవరో అన్నారు. మధ్యలో అది అలలు పెరుగుతున్నాయట అయింది. చివరి వరసకు చేరేసరికి తుపాను బయల్దేరింది. దాంతో ఒకాయన కొండకి ఆకుపచ్చ బదులు చేతికందిన గులాబీ రంగు పూసేశాడు.

పదకొండు కొట్టింది. "టైమైపోయింది! కుంచెలు కింద పెట్టండి!"

అరవై మూడు కాన్వాసులు వసూలయ్యాయి. వాటిని నంబరు వరసన ఒకదాని మీద ఒకటి పేర్చి, అంచులు సరిచేసి, మోకాలితో అదిమి, టీకొట్టులో అడిగి తెచ్చిన పురికొసతో ఇరవై ఒకటి చొప్పున మూడు కట్టలు కట్టారు. అప్పుడే అంచుల్లోంచి నీలమూ పసుపూ కలిసి ఆయన ప్యాంటు మీదికి కారుతున్నాయి. సిరా కారిన జవాబుపత్రాలు చాలా చూసినవారు కాబట్టి పట్టించుకోలేదు.

కోడలు పరుగెత్తుకొచ్చింది. "మావయ్యా! ఏం చేస్తున్నారు?"

"ఇప్పుడా రావడం? నీకు ఆబ్సెంట్ వేసేశాను" అన్నారు మాస్టారు. ఒక కాగితం మీద ఐదో నంబరు ఎదురుగా ఎర్ర సిరాతో నిజంగానే వేసి ఉంది.

అంతలో గడ్డం శిల్పి జడ్జీలతో దిగాడు. మొదటి కట్ట విప్పాడు. కాన్వాసులు చర్రుమంటూ ఊడొచ్చాయి. ఒకరి బొమ్మలోని సూర్యుడు ఇంకొకరి బొమ్మలో ముసలమ్మ మొహం మీద ఉదయించాడు. శిల్పి రెండో కట్ట విప్పబోయి ఆగాడు. "అసలెవరండీ మీరు?" అన్నాడు. పొద్దుటినుంచీ ఈ ప్రశ్న అడిగిన మొదటివాడు ఆయనే.

"చీఫ్ సూపరింటెండెంటు."

"మిమ్మల్ని ఎవరు వేశారు?"

మాస్టారు ఆలోచించారు. ఎవరూ తట్టలేదు.

టోపీ పెద్దాయన ఇప్పుడు ఎవరూ చెప్పకుండానే లేచాడు. "అందరివీ నాశనమై, ఆ ఒక్క కాన్వాసే శుభ్రంగా ఉందేం? ఆ అమ్మాయి మీకేమవుతుంది?"

మాస్టారు జీవితంలో మొదటి అబద్ధం ఆడారు. "ఎవరో నాకు తెలియదు."

"నేనూ ఈయన్ని ఎప్పుడూ చూళ్లేదు" అంది కోడలు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా సరిగ్గా అప్పుడే మాస్టారి భార్య మోకాళ్లదాకా తడిసిన చీరతో వచ్చింది. "ఏవండీ, కోడలికేమైనా తినిపించారా, లేకపోతే మీరొక్కరే టీ తాగి కూర్చున్నారా?"

బీచంతా గొల్లుమంది. పోటీలోంచి తీసేయండి ఆ కోడల్ని అని అరిచారు. కోడలికి ఏడుపు ఆగలేదు. "నాకా గది కావాలండీ. మా ఇంట్లో నాకు మూరెడు గోడ లేదు. ఇందులో నా పాపం ఏముంది? ఈయన నాకూ ఆబ్సెంట్ వేశారు, చూడండి!" అని కాగితం లాక్కుని చూపించింది. శిల్పి ఎర్ర సిరా చూశాడు, మాస్టారి మొహం చూశాడు. ఇలాంటి మనిషి కోడలికి సాయం చేశాడంటే ఎవరూ నమ్మరని అతనికి అర్థమైంది. ఒంటిగంటకు అందరికీ కొత్త కాన్వాసులిచ్చి పోటీ మళ్లీ పెడతానన్నాడు. ఒకటే షరతు, మాస్టారి నీడ బీచి మీద పడకూడదు.

లాడ్జి గదిలో మాస్టారు గోడవైపు తిరిగి కూర్చున్నారు. "దాని గది నేనే పోగొట్టానంటావా?"

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు లెండి" అంది భార్య. ఆయనకు ఓదార్పు దొరికేది అంతవరకే.

పొద్దు వాలుతుండగా తలుపు దబదబా మోగింది. ఎదురుగా గడ్డం శిల్పి రొప్పుతూ నిలబడ్డాడు. "మాస్టారూ, మీరే రావాలి! ఒక్కరూ కుంచె దించడం లేదు. ఇంకొంచెం ఇంకొంచెం అంటూ నన్ను పురుగును చూసినట్టు చూస్తున్నారు. వెలుతురు పోతోంది!"

"నన్ను రావద్దన్నారుగా?"

"అన్నదీ నేనే, రమ్మంటున్నదీ నేనే. దణ్ణం పెడతాను, పదండి."

మాస్టారు ఇసుకలో అడుగుపెట్టి, "టైమైపోయింది" అన్నారు. కేకెయ్యలేదు కూడా. అరవై మూడు కుంచెలు దిగాయి. మొదటి వరసలో ఒక్కటి దిగలేదు.

"రెండు నిమిషాలు, మావయ్యా" అంది కోడలు, బొమ్మ మీంచి కళ్లు తిప్పకుండా.

వసూలు ఎప్పుడూ ఒకటో నంబరుతోనే మొదలవ్వాలి. మాస్టారు ఒకటో నంబరు ముందు నిలబడి చెయ్యి చాపారు. ఆ చెయ్యి అలాగే ఆగింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఈసారి చివరినుంచి" అని ప్రకటించి ఎనిమిదో వరసకు నడిచారు. టోపీ పెద్దాయన ఇంకా పక్షులు వేస్తానని బతిమాలితే, బొమ్మ లాగేసుకున్నారు. ఆ వరసలోని ఒక్కో కాన్వాసునీ పసిపిల్లలా రెండు చేతులతో మోసుకెళ్లి, బల్ల మీద విడివిడిగా పెట్టి, నంబరు రెండుసార్లు సరిచూసుకున్నారు. వాచీలో పూర్తిగా ఏడు నిమిషాలు గడిచాక కోడలి దగ్గరికి వచ్చారు.

గది టోపీ పెద్దాయనకు వచ్చింది. కోడలికి రెండో బహుమతిగా కుంచెల పెట్టె ఇచ్చారు. పెద్ద జడ్జి ఆమెను పక్కకు పిలిచి, "ఇందాక అటుగా వెళ్తూ చూశానమ్మా. ఉత్త ఇసుకా, ఉత్త సముద్రం. గది ఇక దీనికే అనుకున్నాను. తీరా చూస్తే నిండా పడవలు! ఎందుకు పెట్టావు?" అని అడిగాడు.

"టైముంది కదా అని" అంది కోడలు. నిమిషానికొకటి చొప్పున ఏడు పడవలు.

కుంచెల పెట్టె చంకన పెట్టుకుని ఆమె లాడ్జికి నడిచింది. మెట్ల దగ్గర ఆగిపోయి, నవ్వో ఏడుపో తెలియని గొంతుతో అంది. "ఆ టోపీ ఆయన బొమ్మ లాక్కుని గెలిపించారు. కన్నకొడుక్కే అరనిమిషం ఇవ్వనివారు, నాకా ఏడు నిమిషాలు ఎందుకిచ్చారు మావయ్యా?"

ఆలోచించి చెప్పడానికి మాస్టారు రెండు నిమిషాలు టైమడిగారు. కోడలు ఇవ్వలేదు.