వ్యోమగామి గుడ్డూ, రాజలింగు చెరుకూ

అర్థంకాని సినిమాను మించిన ఉపకారి లోకంలో లేదు! అర్థమయ్యే సినిమా చూసినవాడు ఇంటికి పోయి, తిని పడుకుంటాడు. అర్థంకానిది చూసినవాడో? పదిమందికి విడమర్చి చెప్పేదాకా వాడికి ముద్ద దిగదు. దేశానికి మేధావులు కావాలంటే ఇదొక్కటే మార్గం మహాశయులారా!

నమ్మకపోతే బోధన్ వైపు చెరుకు రైతు రాజలింగును అడగండి. డెబ్బయి మూడులో, చెరుకు కోతకు పర్మిట్ ఇచ్చే ఆఫీసరు రామ్‌దాస్ సారు గదిలో ఆయన పొందిన జ్ఞానం అంతా ఇంతా కాదు. ఏ ఆఫీసు అని మాత్రం అడక్కండి. మర్యాదగా ఉండదు.

రాజలింగు పోయింది పర్మిట్ కోసం. రెండెకరాల చెరుకు ముదిరి నిలబడింది. పర్మిట్ లేకుండా నరికితే కొనేవాడు లేడు. నరకకపోతే లోపల బెండువారి పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరాదు. దరఖాస్తు కూడా రెండే ముక్కలు: "అయ్యా, నా చెరుకు ఎండుతున్నది. పర్మిట్ ఇప్పించండి." ఛీ! ఇంత విప్పి చెప్తే ఇక ఆలోచించడానికేం మిగిలింది?

సారు అప్పటికే నిజామాబాదులో మార్నింగ్ షో ఇంగ్లీషు సినిమాను ఐదోసారి చూసి వచ్చారు. అందులో గాజు టోపీవాడొకడు ఏదో గ్రహం మీద దిగుతాడు. మూడు తలుపులు తీస్తాడు. నాలుగో తలుపు ముందు చతికిలబడి, ఉడికిన గుడ్డు ఒలుచుకుని తింటాడు. సమాప్తం!

"గుడ్డు అంటే భూగోళం. పెంకు అంటే నాగరికత. ఉప్పు లేకుండా తిన్నాడు చూశారూ, అక్కడుంది సైన్సుకు చెంపపెట్టు!" అన్నారు సారు. గుమాస్తాలు తలలూపారు. ఊపక చస్తారా, సెలవు చీటీల మీద సంతకం ఎవరు పెట్టాలి?

సారు రాజలింగు అభిప్రాయం కూడా అడిగారు.

"ఆకలైనట్టున్నది సారూ. తొవ్వల ఏం దొరకలేదేమో, పాపం," అన్నాడు రాజలింగు.

సారు జాలిగా నవ్వి దరఖాస్తు వెనక్కి నెట్టారు. "నీ రాత కూడా నీ మాటలాగే ఉంది. లోతు లేదు. వివరంగా రాసుకురా."

రాజలింగుకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నోరు కట్టుకుని, సర్వే నంబరుతో సహా రెండు పేజీలు రాసుకొచ్చాడు. ఈసారి విషయం తేలలేదన్నారు సారు. తేలదు మరి! ఆ వారమంతా సారు గుడ్డు నీడకు అర్థం వెతుకుతున్నారు.

శివరాత్రి దాటింది. రాజలింగు పెండ్లాం లింగవ్వ ఓ గడ విరిచి మొగుడి ముఖం ముందు పెట్టింది. "సూడు, సుక్క రసం లేదు. గా సారుకు సినిమాల గుడ్డు కనవడ్డది గని, మన చెరుకు కనవడ్తలేదా?" ఎంత అమాయకురాలు! కళ్లెదుట ఉన్నదాన్ని ఎవడైనా చూస్తాడు. దానికి ఆఫీసరెందుకు?

మర్నాడు రాజలింగు మూడో దరఖాస్తు ఇచ్చాడు. తెల్ల కాగితం. ఒక్క అక్షరం లేదు.

సారు దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు. కిటికీ వెలుతురుకు పట్టి చూశారు. కళ్లు చెమర్చాయి. "అద్భుతం! శూన్యం! ఇన్నాళ్లకు లోతుగా రాసిన రైతు దొరికాడు!" అంటూ అక్కడికక్కడే పర్మిట్ మీద సంతకం గీకారు. ఆ తర్వాత ఆత్రంగా ముందుకు వంగారు.

"ఇంతకీ ఇందులో ఏం చెప్పదలిచావయ్యా?"

"చెప్పెతందుకు ఏముంది సారూ. నా చెరుకుల ఏం మిగిలిందో, గదే తెచ్చిన."

సారు కాగితాన్ని మళ్లీ వెలుతురుకు పట్టారు.

"అంటే?" అన్నారు.